నాకిచ్చిన మూడు నిమిషాలు

డులూత్ నగర సభ. ఫిబ్రవరి.
సరస్సు మీది నుంచి మంచు అడ్డంగా కొడుతోంది.
నా వంతు నలభై ఒకటి.
ఆకుపచ్చ దీపం వెలిగితే మొదలుపెట్టాలి,
పసుపు వస్తే ముగింపుకి రావాలి,
ఎరుపు వస్తే
ఎంత నిజం నోట్లో ఉన్నా ఆగాలి.

తీర్మానాలు రెండు.
గంట కూలి పెంచడం,
ఊరి కాలేజీలో మొదటి రెండేళ్ళు ఫీజు ఎత్తేయడం.
డబ్బెక్కడిదని నలభై మందిలో సగం మంది అడిగారు,
మిగతా సగం మంది ఏడ్చారు, లేదా ఏడవకుండా ఆపుకున్నారు.

కొలిచాల హైమవతి.
గుమాస్తా రెండుసార్లు ప్రయత్నించి వదిలేశాడు.
అక్కడే పదకొండు సెకన్లు పోయాయి.

అయ్యా, నేను రాత్రి తరగతులకి అకౌంటింగ్ చెబుతాను.
పాఠానికింత అని ఇస్తారు.
దిద్దిన కాగితాలకి, కారిడార్లో నిలబెట్టి అడిగే
ప్రశ్నలకి ఏమీ ఇవ్వరు.
అది నా ఫిర్యాదు కాదు. కాదంటే అబద్ధం,
కానీ ఇవాళ వచ్చింది అందుకు కాదు.

ఐవర్ కంగస్ అని నా విద్యార్థి.
తెల్లవారుజామున మూడింటికి బేకరీలో పిండి కలుపుతాడు,
సాయంత్రం ఆరింటికి నా ముందు బెంచీలో
చేతిలో పెన్సిలు నిలబెట్టే నిద్రపోతాడు.
తరగతంతా కాస్త రొట్టె వాసన.
పరీక్షలో ఒక కల్పిత కంపెనీ ఇచ్చి
ఆస్తి అప్పుల పట్టీ వేయమన్నాను.
వాడు తనది వేశాడు.
ఆస్తులు: ఒక కారు, హీటరు పనిచేయదు.
అప్పులు: కాలేజీది, దాని వడ్డీ, వడ్డీ మీది వడ్డీ.
రెండు వైపులా సరిపోవాలని నేర్పింది నేనే కదా,
సరిపెట్టడానికి ఆస్తుల కింద
'అమ్ముకున్న నిద్ర' అని ఒక పద్దు రాశాడు.
కూడిక తప్పలేదు.
ఆ కాగితాన్ని తొమ్మిది రోజులుగా సంచిలో మోస్తున్నాను.

పసుపు.

డబ్బెక్కడిదంటారు.
రేవులో పూడిక తీయించినప్పుడు
ఆ సొమ్ముని ఖర్చని రాయలేదు మీరు, పెట్టుబడని రాశారు.
ఓడ రావాలంటే లోతు కావాలన్నారు, ఒప్పుకున్నాం.
కుర్రాడి ఫీజు దగ్గరికొచ్చేసరికి
కలం ఎందుకు పక్క గడిలోకి జారుతుంది?
కూలి పెంచితే కొట్లు మూతపడతాయన్నారు ఇందాక ఒకాయన.
పడచ్చు, కొన్ని. నేను లెక్కల మనిషిని, కాదనను.
కానీ ఇప్పుడు తెరిచున్నవి
ఎవరి నిద్ర మీద తెరిచున్నాయో
అదీ ఒక పద్దేగా, ఎక్కడ రాశారు?

తెలుగులో అయితే ఇంకో మాట అనేదాన్ని:
జీవితంలోంచి 'వి' రాలిపోతే మిగిలేది జీతం.
రాలింది విద్యో విశ్రాంతో ఎవరికి వారు చూసుకోవాలి.
ఇంగ్లీషులో ఆ అక్షరం రాలదు.
మింగేశాను.

ఎరుపు.

మైకు ఆగింది. ఎవరో రెండు చప్పట్లు కొట్టి
తక్కినవాళ్ళు కొట్టకపోయేసరికి చేతులు జేబులో పెట్టుకున్నారు.
ఇంకా పదిహేడు మంది మాట్లాడారు.
తర్వాత రెండు తీర్మానాలనీ మార్చికి వాయిదా వేశారు.

తలుపు దగ్గర వాక్యూమ్ పట్టుకుని ఒకావిడ
గది ఖాళీ కావాలని ఎదురుచూస్తోంది.
చొక్కా మీద డెల్ఫీన్ అని కుట్టి ఉంది.
తొమ్మిది దాటితే కాంట్రాక్టరు గంట కట్టడట.
తొమ్మిదీ ఇరవై.

"ఆ రొట్టెల కుర్రాడికి ఎన్ని మార్కులేశావు?"

ఇంకా వేయలేదన్నాను.

వైరుని మోచేతికి చుట్టుకుంటూ కాసేపు ఆలోచించింది.
"మార్కులు నిదానంగా వేద్దువు గాని.
కారు హీటర్లు మా తమ్ముడు చూస్తాడు.
సామాను డబ్బు ఇస్తే చాలు."
కింద పడున్న ఎజెండా కాగితం తీసి
వెనక ఫోను నంబరు రాసింది.
ఏడో ఒకటో తెలియక మళ్ళీ దిద్దింది.

ఆ రాత్రి ఆ గదిలో
ఆమోదం పొందింది అదొక్కటే.

మంచులోకి దిగాక కూడా వినిపిస్తూనే ఉంది
వాక్యూమ్ చప్పుడు,
మేం కూర్చున్న వరసల మధ్య,
ఎవరి పద్దులోనూ పడకుండా.